అందరి ట్యాంకుల్లోకీ వచ్చేసిన 95: ప్రీమియం పెట్రోలు బ్రాండ్ల మధ్య ఇప్పుడు మిగిలిన తేడా ఎంత?

హైదరాబాదులోనో విజయవాడలోనో పెట్రోలు బంకులోకి కారు తిప్పగానే అద్దం దగ్గరికి వచ్చే కుర్రాడు ‘సార్, పవరా, నార్మలా?’ అని అడుగుతాడు. కొన్ని బంకుల్లో ఆ మాత్రం కూడా అడగరు. ప్రీమియం నాజిల్ ఉన్న వరుసలోకే బండిని రమ్మని చెయ్యి ఊపుతారు, మీటరు సున్నా చూపించాక గానీ లీటరు ధర ఎనిమిది రూపాయలు ఎక్కువన్న సంగతి కారులో ఉన్నవారికి తెలియదు. ఆ ఎనిమిది రూపాయలకు ఏమొస్తుందని అడిగితే వచ్చే జవాబులు మూడే: పికప్ బాగుంటుంది, మైలేజీ పెరుగుతుంది, ఇంజన్ శుభ్రంగా ఉంటుంది. మొదటి రెండూ కారును బట్టి ఉంటాయి. మూడోది పెట్రోలులో కలిపే రసాయనాన్ని బట్టి ఉంటుంది. బంకులో అంత పెద్ద అక్షరాలతో రాసిన 95 అనే ఆక్టేన్ సంఖ్యకు మాత్రం, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా మామూలు పెట్రోలు అయిపోయిన తర్వాత, మునుపటి విలువ లేదు.

ఆక్టేన్ అంటే బలమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఓర్పుకు కొలత. పెట్రోలు ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చి గాలి, ఇంధనాల మిశ్రమాన్ని అదిమిపెడుతుంది, సరైన క్షణంలో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది, మంట ఒక చివర మొదలై రెండో చివరకు క్రమంగా పాకుతుంది. ఆ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తాను భగ్గుమంటే వచ్చేదే నాకింగ్. ఎండాకాలం మధ్యాహ్నం, ఐదుగురు ఎక్కిన కారు, ఏసీ వేసి ఉన్నది, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ మూడో గేరులోనే లాగించాలని చూస్తే, రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు బానెట్ కింద నుంచి వినబడే టకటక అదే. అది వినబడిన ప్రతిసారీ పిస్టన్ తలమీద సుత్తితో చిన్న దెబ్బ పడుతున్నట్టే లెక్క. ఒత్తిడికి లోనైనా తొందరపడి మండిపోకుండా ఇంధనం ఎంతవరకు ఆగగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య.

ఈ సంఖ్యను కొలిచే తీరు వింటే ప్రకటనల్లోని హోరు కాస్త తగ్గుతుంది. ప్రయోగశాలలో ఒకే సిలిండర్ ఉన్న సీఎఫ్ఆర్ ఇంజన్ ఉంటుంది. నడుస్తుండగానే దాని సిలిండర్‌ను పైకీ కిందికీ జరిపి కంప్రెషన్ రేషియోను, అంటే మిశ్రమాన్ని ఎన్నింతలు అదిమిపెడుతుందో ఆ లెక్కను, మార్చవచ్చు. పరీక్షించాల్సిన పెట్రోలు ఏ స్థాయిలో నాకింగ్ ఇస్తుందో చూసి, ఐసో-ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకున్న కొలబద్దతో పోలుస్తారు. 95 ఆక్టేన్ అంటే, 95 పాళ్లు ఐసో-ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమం ఎంత ఓర్చుకుంటుందో ఈ పెట్రోలూ అంతే ఓర్చుకుంటుందని అర్థం. ఈ ఇంజన్‌ను నిమిషానికి 600 చుట్లతో తిప్పి కొలిస్తే వచ్చేది ఆర్ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్). 900 చుట్లతో, మిశ్రమాన్ని బాగా వేడిచేసి కొలిస్తే వచ్చేది ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబర్). మన బంకుల్లో రాసేది ఆర్ఓఎన్. అమెరికాలో ఈ రెండింటి సగటు రాస్తారు కాబట్టి, డాలస్‌లో ఉండే తెలుగు కుటుంబం రోజూ కొట్టించుకునే 87 మన లెక్కలో 91, 92కు దగ్గరగా ఉంటుంది. సెలవులకు ఇంటికి వచ్చి ‘ఇక్కడ నార్మలే 95 అట, మాకక్కడ 87 మాత్రమే’ అని ఆశ్చర్యపోవడంలో ఉన్న పొరపాటు ఇదే; రెండు దేశాల కొలబద్దలు వేరు.

ఓర్పుకూ శక్తికీ సంబంధం లేదనడానికి ఇథనాలే మంచి ఉదాహరణ. దాని ఆర్ఓఎన్ 108 దాకా ఉంటుంది, ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండింతలకు మించి వేడిని లాగేసుకుని సిలిండర్‌ను చల్లబరుస్తుంది, అందువల్ల నాకింగ్‌ను బాగా అడ్డుకుంటుంది. కానీ లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే ఉంటుంది. అయిదో వంతు ఇథనాల్ కలిపితే ఆక్టేన్ పెరుగుతుంది, లీటరులోని శక్తి మాత్రం సుమారు 7 శాతం తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనూ ఈ లెక్క కనిపిస్తుంది: ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చనీ, 10 శాతానికే రూపొందించి 20 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో తగ్గుదల 1 నుంచి 2 శాతమేననీ అందులో అంచనా వేశారు. అంటే ఆక్టేన్ పెరిగితే మైలేజీ దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం, దేశంలోని ప్రతి బంకులోనూ ఇప్పుడు అమ్ముతున్న పెట్రోలుతోనే తప్పిపోతోంది.

బ్రాండ్లను పోల్చేముందు కొంత వెనక్కి వెళ్లాలి. 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆ తర్వాత కొంతకాలం మామూలు పెట్రోలు ఆక్టేన్ 88 ఉండేది. ప్రమాణాలు కఠినమైన కొద్దీ అది 91కి చేరింది. 2020 ఏప్రిల్ 1న వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణం గంధకాన్ని పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు తగ్గించి, మామూలు పెట్రోలుకు కనీసం 91, ప్రీమియానికి కనీసం 95 అని రెండు మెట్లు పెట్టింది. ఈ రెండు మెట్ల మధ్య ఉన్న నాలుగు అంకెల దూరమే ప్రీమియం వ్యాపారానికి ఆధారం. 2002 ప్రాంతంలో స్పీడ్, పవర్, ఎక్స్‌ట్రా ప్రీమియం వంటి పేర్లు మొదలైనప్పుడు అవి ప్రధానంగా మామూలు పెట్రోలులో శుభ్రపరిచే రసాయనం కలిపినవే. ఆక్టేన్ పోటీ తర్వాత వచ్చింది. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, హిందుస్థాన్ పెట్రోలియం పవర్95, అంతకు పైన భారత్ పెట్రోలియం స్పీడ్97, హిందుస్థాన్ పెట్రోలియం పవర్99, ఆ పైన ఎక్స్‌పీ100, పవర్100, స్పీడ్100 అంటూ మెట్లు పెరిగాయి. ప్రైవేటు బంకుల్లో షెల్ వీ-పవర్‌కు తనదైన గిరాకీ ఉంది.

ఈ మెట్ల వరుసలో కింది మెట్టే పైకి లేచింది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలు అయింది. ఆ మిశ్రమానికి వర్తించే భారతీయ ప్రమాణంలో కనీస ఆక్టేన్ 95. మామూలు పెట్రోలు ఆక్టేన్ 88 నుంచి 91కి, ఇప్పుడు ఇథనాల్ వల్ల 95కి పెరిగిందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో, ఇథనాల్‌పై వచ్చిన విమర్శలకు జవాబిస్తూ చెప్పింది. ఆ ప్రకటనను ఇథనాల్‌ను సమర్థించుకునే వాదనగానే అందరూ చదివారు. ప్రీమియం పెట్రోలు కొనేవారికి అందులో ఉన్న కబురు వేరు: నిన్నటిదాకా అదనపు డబ్బు పెట్టి కొన్న 95, ఇప్పుడు పక్క నాజిల్‌లో మామూలు ధరకు వస్తోంది. పైగా 95 ప్రీమియంలోనూ ఇథనాల్ కలుస్తుంది. కాబట్టి ఎక్స్‌పీ95నో పవర్95నో మామూలు పెట్రోలుతో ఆక్టేన్ మీద పోల్చడంలో అర్థం దాదాపు మిగలలేదు.

అలాగని రెండూ ఒకటేనని తేల్చేయలేము. కనీస ప్రమాణం 95 అంటే అంతకు కొంచెం ఎక్కువ ఉండవచ్చు. అది రిఫైనరీని బట్టి, ఇథనాల్ కలపడానికి వాడిన మూల పెట్రోలును బట్టి మారుతుంది. ఇక్కడే బ్రాండ్ల గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. తెలంగాణలో రిఫైనరీ లేదు. హిందుస్థాన్ పెట్రోలియం సరుకు విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా పైపులైనులో వస్తుంది, ఇండియన్ ఆయిల్‌కు పారదీప్ నుంచి హైదరాబాదుకు పైపులైను ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు రవాణా ఖర్చు కలిసివచ్చేలా ఒకరి సరుకు ఒకరు తీసుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అంటే ఒక కంపెనీ బంకులో అమ్మే మామూలు పెట్రోలు ఆ కంపెనీ రిఫైనరీలోనే తయారై ఉండాలన్న నియమం లేదు. చర్లపల్లి పరిసరాల్లోని టెర్మినళ్లలో ట్యాంకరు నింపేటప్పుడు ఇథనాల్ కలుస్తుంది. బ్రాండు రసాయనం కూడా సాధారణంగా ఈ దశలోనే కలుస్తుంది. ‘ఫలానా కంపెనీ పెట్రోలు చిక్కగా ఉంటుంది, ఫలానాది పలచన’ అని టీ కొట్టు దగ్గర జరిగే వాదనలు చాలావరకు ఒకే గొట్టంలోంచి వచ్చిన సరుకు గురించే జరుగుతుంటాయి.

అందుచేత 95 స్థాయిలో బ్రాండ్ల మధ్య పోలిక నిజానికి రసాయనాల మధ్య పోలికే. వీటిలో ముఖ్యమైనవి డిటర్జెంట్లు. ఇంధనం ఆవిరయ్యే చోట, ముఖ్యంగా ఇంజెక్టర్ల సన్నని రంధ్రాల దగ్గర, ఇన్‌టేక్ వాల్వుల వెనుక, జిగురులాంటి మడ్డి పేరుకుంటుంది. ఇంజెక్టర్ తుంపరలు సన్నగా పడాల్సిన చోట ధారగా పడితే మంట సమంగా అంటుకోదు, పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు కుదుపుతుంది, మైలేజీ తగ్గుతుంది. డిటర్జెంట్లు ఈ మడ్డి పట్టకుండా చూస్తాయి, పట్టినదాన్ని కొంతవరకు కరిగిస్తాయి. ఇది నిజమైన ప్రయోజనమే. అమెరికాలో 1995 నుంచి అన్ని పెట్రోళ్లలోనూ డిటర్జెంటు తప్పనిసరి చేయడం ఇందుకే. అయితే దీనికి ఒక పరిమితి ఉంది. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే కొత్త టర్బో ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పెట్రోలు వెళ్లదు. కాబట్టి ట్యాంకులో ఎంత ఖరీదైన పెట్రోలు పోసినా ఆ వాల్వుల మడ్డి కదలదు. ఇంజెక్టర్లు మాత్రం శుభ్రపడతాయి.

ఏ కంపెనీ రసాయనం మేలైనది అన్న ప్రశ్నకు బయట దొరికే సమాచారంతో నిక్కచ్చిగా జవాబు చెప్పడం కుదరదు, చెప్పేవారిని నమ్మనూ కూడదు. కంపెనీల ప్రచారాల్లోని ‘ఇంత శాతం శుభ్రత’, ‘ఇంత మెరుగైన వేగం’ అన్నవన్నీ రసాయనం కలపని మూల పెట్రోలుతో పోల్చి చెప్పినవే గానీ, పక్క కంపెనీ ప్రీమియంతో పోల్చి చెప్పినవి కావు. రసాయనం పేరేమిటి, లీటరుకు ఎంత మోతాదు కలుపుతున్నారు అన్నది ఏ నాజిల్ మీదా రాసి ఉండదు. ఎక్స్‌పీ95, పవర్95, స్పీడ్, వీ-పవర్‌లలో ఒకటి గెలిచిందని చెప్పే వీడియోల్లో ఎక్కువ భాగం ఒకే కారును నాలుగు రోజులు, నాలుగు రకాల ట్రాఫిక్‌లో నడిపి చేసినవి. వాటిలో కనిపించే అర కిలోమీటరు తేడా పెట్రోలుదో, మియాపూర్ సిగ్నల్‌దో ఎవరూ చెప్పలేరు.

ఇక కారు సంగతి. ఆక్టేన్ పెరిగితే ఇంజన్‌కు మేలు జరగాలంటే, ఆ అదనపు ఓర్పును వాడుకునే ఏర్పాటు ఆ ఇంజన్‌లో ఉండాలి. సిలిండర్ల దిమ్మకు బిగించిన నాక్ సెన్సర్ టకటకను పసిగట్టగానే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, నిప్పురవ్వ వేసే సమయాన్ని కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. శక్తి కాస్త తగ్గినా ఇంజన్ బతుకుతుంది. మంచి పెట్రోలు పడితే మళ్లీ మెల్లగా ముందుకు జరుపుతుంది, కానీ తయారీదారు పెట్టిన హద్దు దాకానే. ఆ హద్దును 91 ఆక్టేన్‌కు పెట్టిన ఇంజన్‌కు 95 ఇచ్చినా, 100 ఇచ్చినా ఒకటే. ఆ తర్వాత వచ్చే ఓర్పంతా వృథా. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో అత్యధికం ఈ కోవలోవే.

కంప్రెషన్ రేషియో ఎక్కువైతే ఎక్కువ ఆక్టేన్ కావాలన్న సూత్రం కూడా ఇప్పుడు అంత సూటిగా వర్తించదు. మారుతీ డ్యూయల్‌జెట్ 1.2 లీటర్ల ఇంజన్ రేషియో 12. పాతకాలపు లెక్క ప్రకారం దానికి ఖరీదైన పెట్రోలు కావాలి, కానీ పొగను చల్లార్చి తిరిగి సిలిండర్‌లోకి పంపే పద్ధతి వల్ల అది 91తోనే నడిచేలా తయారైంది. 13, 14 రేషియోలు చూపించే హైబ్రిడ్ కార్లు కూడా ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసే అట్కిన్‌సన్ పద్ధతి వల్ల అసలు ఒత్తిడిని తక్కువగానే ఉంచుతాయి. కాగితం మీద రేషియో చూసి 100 ఆక్టేన్ కొట్టించే ఔత్సాహికులు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు.

టర్బో కార్ల విషయం వేరు. టర్బో గాలిని ముందే అదిమి పంపుతుంది కాబట్టి సిలిండర్‌లో వేడి, ఒత్తిడి రెండూ ఎక్కువ, నాకింగ్ హద్దు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది. ఒక లీటరు, ఒకటిన్నర లీటరు టర్బో ఇంజన్లను యూరప్‌లో 95 మామూలు పెట్రోలుగా ఉన్న పరిస్థితిని మనసులో పెట్టుకుని రూపొందించారు. ఇక్కడ 91తో నడిపినప్పుడు ఎండలో, ఘాట్ ఎక్కేటప్పుడు, బరువుతో అవి కొంత శక్తిని వదులుకునేవి. నాలుగైదేళ్ల కిందట ఇలాంటి కారులో ఎక్స్‌పీ95 కొట్టించి తిరుమల రెండో ఘాట్ ఎక్కినవారు ‘తేడా తెలిసింది’ అంటే అది భ్రమేమీ కాదు. అదే కారుకు ఇప్పుడు మామూలు నాజిల్‌లోనే 95 దొరుకుతోంది గనుక, ఆనాటి అనుభవాన్ని ఈనాటి బిల్లుకు సాక్ష్యంగా తీసుకోలేము. 98 ఆక్టేన్ వాడమని చెప్పే జర్మన్ విలాసవంతపు కార్లకూ, స్పోర్ట్స్ కార్లకూ మాత్రం 97 నుంచి 100 దాకా ఉన్న మెట్లకు అర్థం ఉంది, ఎందుకంటే వాటి ఈసీయూ హద్దు అక్కడిదాకా పోతుంది. కారు ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. ట్యాంకు మూత తెరిస్తే లోపలి స్టిక్కరు మీద గానీ, యజమాని పుస్తకంలో గానీ ఆర్ఓఎన్ సంఖ్య రాసి ఉంటుంది. ‘కనీసం’ అన్న మాట పక్కనున్న సంఖ్యకూ, ‘సిఫారసు’ అన్న మాట పక్కనున్న సంఖ్యకూ తేడా గమనించాలి.

ఈ తేడా ఎంత విలువైనదో కొలిచినవారున్నారు. అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2016లో, మామూలు పెట్రోలు చాలునని తయారీదారు చెప్పిన కార్లలో ప్రీమియం పోసి పరీక్షిస్తే శక్తిలో గానీ మైలేజీలో గానీ చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. అనవసరంగా ప్రీమియం కొనడం వల్ల ఒక్క ఏడాదిలో ఆ దేశపు వాహనదారులు 210 కోట్ల డాలర్లకు పైగా వృథా చేశారని లెక్కగట్టింది. మరుసటి ఏడాది, ప్రీమియాన్ని సిఫారసు చేసిన, కానీ తప్పనిసరి చేయని కార్లను పరీక్షిస్తే సగటున మైలేజీ 2.7 శాతం, శక్తి 1.4 శాతం పెరిగాయి. ధర తేడా అప్పటికి 20 శాతం దాటింది. ఆ దేశపు కార్లు పెద్దవి, పెట్రోలు వేరు. అయినా సిఫారసు ఉన్న కారుకే వచ్చిన లాభం మూడు శాతం లోపేనన్నది ఇక్కడి లెక్కకూ పనికివస్తుంది.

ఆ లెక్క వేసి చూద్దాం. హైదరాబాదు నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 18.3 లీటర్లు పడుతుంది. మామూలు పెట్రోలు 107 రూపాయల 50 పైసలు అనుకుంటే సుమారు 1,970 రూపాయలు. 95 ప్రీమియం ఎనిమిది రూపాయలు ఎక్కువ అనుకుంటే 2,115 దాటుతుంది. ఆ అదనం తిరిగి రావాలంటే మైలేజీ 15 నుంచి 16.1కి పెరగాలి. 100 ఆక్టేన్ లీటరు 160 రూపాయలు అనుకుంటే, ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరు 1న ఎక్స్‌పీ100ను ఢిల్లీలో మొదలుపెట్టిన ధర అదే, ఖర్చు 2,930కి చేరుతుంది. అది గిట్టుబాటు కావాలంటే అదే కారు లీటరుకు 22 కిలోమీటర్లకు మించి ఇవ్వాలి. ఏ పెట్రోలూ ఆ పని చేయలేదు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి 95 ప్రీమియం మీద పడే అదనపు ఖర్చు 6,400 రూపాయలు.

ఆ ఎనిమిది రూపాయలూ మంచి పెట్రోలుకే పోతున్నాయనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. బ్రాండెడ్ పెట్రోలుపై కేంద్ర ఎక్సైజ్ సుంకం మామూలు దానికంటే ఎక్కువ. 2022 మే తగ్గింపు తర్వాత మామూలు పెట్రోలుకు లీటరుకు 19 రూపాయల 90 పైసలుంటే బ్రాండెడ్‌కు 21 రూపాయల 10 పైసలుగా పెట్టారు. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం కాబట్టి పెరిగిన ధర మీద కూడా అదే శాతం పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. హైదరాబాదు లెక్కన ఎనిమిదిలో మూడు రూపాయలకు పైగా పన్నులకే పోతుంది. రసాయనం, దాని రవాణా, డీలరు కమీషన్, కంపెనీ లాభం అన్నీ కలిసి అయిదు రూపాయల లోపే. తెలిసిన బ్రాండు కొంటున్నామన్న తృప్తికి ప్రభుత్వాలు కూడా ధర కట్టాయన్నమాట.

100 ఆక్టేన్ కథలో ఇంకో మలుపు ఉంది. మథుర రిఫైనరీలో, ఇండియన్ ఆయిల్ సొంత పరిశోధన విభాగం రూపొందించిన ఆక్టామ్యాక్స్ పద్ధతితో తయారైన ఎక్స్‌పీ100 తొలి విడత ఢిల్లీ, ముంబై, పుణె వంటి పది నగరాలకు, తర్వాతి విడతలో హైదరాబాదుతో సహా మరికొన్ని నగరాలకు వచ్చింది. అప్పట్లో దాన్ని ఖరీదైన కార్లవారూ, పెద్ద బైకులవారూ మాత్రమే కొనేవారు. 2025లో ఇథనాల్‌పై చర్చ వేడెక్కాక, అందులో ఇథనాల్ లేదన్న కారణంతో పాత కార్ల యజమానులు కూడా ఆ నాజిల్ వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. వీరు కొంటున్నది ఆక్టేన్ కోసం కాదు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి చిట్లుతాయన్న భయం, నెలల తరబడి కదలని కారు ట్యాంకులో ఇథనాల్ తేమను పీల్చుకుంటుందన్న జాగ్రత్త వీరి చేత ఆ ధర కట్టిస్తున్నాయి. ఇంట్లో ముసుగేసి ఉంచి పండగకు మాత్రమే తీసే పాత కారుకు ఇది సమంజసమైన ఖర్చే, ఎందుకంటే అది తాగేది నెలకు అయిదారు లీటర్లు. రోజూ గచ్చిబౌలికి వెళ్లి వచ్చే కారుకు కాదు.

ఎక్స్‌పీ100 కొట్టించాక మైలేజీ పెరిగిందని చెప్పేవారి మాటలో నిజం ఉండవచ్చు, కారణం మాత్రం వారు అనుకునేది కాదు. ఇథనాల్ లేని పెట్రోలులో లీటరుకు ఉన్న శక్తే సుమారు 7 శాతం ఎక్కువ. పెరిగిన మైలేజీ ఆ శక్తిది. 100 అన్న సంఖ్యకు అందులో వాటా దాదాపు లేదు. ఆ 7 శాతాన్నీ కలిపి విజయవాడ లెక్క మళ్లీ వేసినా, 17.1 లీటర్లకు 2,740 రూపాయలు అవుతుంది. మామూలు పెట్రోలు కంటే ఒక్క ప్రయాణానికే 770 రూపాయలు ఎక్కువ. సగం ట్యాంకు మామూలు, సగం 100 కలుపుకునే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. ఆక్టేన్ దాదాపు పాళ్లను బట్టే కలుస్తుంది కాబట్టి 95, 100 చెరిసగం పోస్తే 97 దాటుతుంది, ఇథనాల్ పది శాతానికి దిగుతుంది. 98 సిఫారసు ఉన్న కారుకు ఇది తెలివైన సర్దుబాటే.

బంకులో నిలబడి ఆక్టేన్‌ను పరీక్షించే మార్గం కొనేవారికి లేదు. అడిగితే ఫిల్టర్ పేపర్ ఇవ్వాలి. నాజిల్ చివర తుడిచి రెండు చుక్కలు వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి, మరక మిగిలితే కల్తీ అనుమానించవచ్చు. డెన్సిటీ కొలిచి, 15 డిగ్రీలకు సవరించి, ఆ పొద్దున రిజిస్టరులో రాసినదానితో పోల్చమని అడగవచ్చు. అది ఘనపు మీటరుకు 720, 775 కిలోల మధ్య ఉండాలి. ఇవేవీ 91ని 95 నుంచి వేరు చేయవు. ప్రీమియం నాజిల్‌లో వచ్చేది ప్రీమియమేనా అన్నది చివరికి బంకు మీది నమ్మకమే. అమ్మకం బాగా జరిగే, ట్యాంకరు తరచూ వచ్చే బంకు, పెద్దగా కదలని ప్రీమియం నిల్వ ఉన్న బంకు కంటే మేలు.

తన కారుకు తేడా ఉందో లేదో తెలుసుకోవాలనుకునేవారు ఒక్క ట్యాంకుతో తేల్చుకోకూడదు. మొదటి ట్యాంకులో పాత పెట్రోలు మిగులు కలిసి ఉంటుంది, ఈసీయూ నిప్పురవ్వ సమయాన్ని కొత్త ఇంధనానికి సర్దుకోవడానికీ కొంత నడక కావాలి. టైర్లలో గాలి ఒకే స్థాయిలో ఉంచి, అదే దారిలో, ఏసీ అలవాటు మార్చకుండా, నాజిల్ తనంతట తాను ఆగిన చోటే ఆపుతూ, మామూలుదానితో మూడు ట్యాంకులు, ప్రీమియంతో మూడు ట్యాంకులు నడిపి, కొట్టించిన లీటర్లనూ తిరిగిన కిలోమీటర్లనూ బిల్లు వెనుకే రాసుకుంటే చాలు; డ్యాష్‌బోర్డు చూపే సగటు మీద ఆధారపడనక్కరలేదు. సగటు 15 నుంచి 16.1 దాటితే ప్రీమియం కొనసాగించవచ్చు. దాటకపోయినా ఇంజెక్టర్ల శుభ్రత కోసం వాడాలనుకుంటే, ప్రతిసారీ కొట్టించకుండా నాలుగైదు ట్యాంకులకు ఒకసారి కొట్టిస్తే ఏడాది అదనపు ఖర్చు 6,400 నుంచి 1,300, 1,600 మధ్యకు దిగుతుంది.